మేబులమ్మ పస్తు

ప్రేమలీల చేతికి ఒక జబ్బుంది. ఎదుట కూర్చున్నవాళ్ల నోరు ఊరికే ఉంటే ఆ చెయ్యి ఊరుకోలేదు. గ్యాస్ మీటరు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషికి ఉప్మా పెట్టింది. వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు వద్దు మొర్రో అంటున్నా రెండు గారెలు తినిపించి, ఇంకో రెండు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఆయన మర్నాడు మెషీన్ ఎలా తిరుగుతోందో కనుక్కోవడానికి మళ్లీ వచ్చాడు. మెషీన్ శుభ్రంగా తిరుగుతూనే ఉంది. ఆయన చూపు మాత్రం వంటింటి వైపే ఉంది.

అలాంటి మనిషి ఆసుపత్రిలో అడుగు పెడితే వేరే మనిషి. బెల్‌ఫాస్ట్‌లో ఒక పెద్దాసుపత్రి ఆపరేషన్ల వార్డులో ఆవిడ స్టాఫ్ నర్సు. అక్కడ కొన్ని మంచాల తలవైపు 'నిల్ బై మౌత్' అని అట్ట వేలాడుతుంది. ఆ పేషెంటు నోట్లోకి ఏమీ పోకూడదని దాని అర్థం. ఆ అట్ట ఉన్న మంచం దగ్గర ప్రేమలీల రాయి. బతిమాలినా, తిట్టినా, ఏడ్చినా సరే, మంచినీళ్ల చుక్క కూడా ఇవ్వదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక మాత్రం వార్డులో అణుచుకున్నదంతా వంటింట్లో తీర్చుకుంటుంది.

"మనదేమన్నా ఇల్లటే లీలా, సత్రం కాదూ?" అంటాడు మొగుడు రాజ్ కుమార్. బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. ఇద్దరిదీ చీరాల పక్కనే. ఇద్దరూ ఆ చలి దేశానికి వచ్చి మూడేళ్లు దాటింది.

వాళ్ల పక్కింట్లో నార్మన్ ఉంటాడు. గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్లవి. ఒకింట్లో దగ్గితే పక్కింట్లో మందు గుర్తొస్తుంది. నార్మన్ బస్సు నడిపి రిటైరైన ముసలాయన. భార్య ఈవ్లిన్ పోయి చాన్నాళ్లయింది. ఏ వారం ఏ చెత్తడబ్బా బయట పెట్టాలో, రేడియేటర్‌లో గాలి ఎలా తీయాలో, 'వీ' అంటే చిన్న అనే అయినా ఈ ఊళ్లో 'వీ కప్ ఆఫ్ టీ' అంటే చిన్న కప్పు కాదు, ఆప్యాయంగా టీకి పిలవడమని, అన్నీ వాళ్లకు నేర్పింది ఆయనే. ప్రేమలీల అనే పేరు ఆయన నోటికి తిరగలేదు. లిల్లీ చేసేశాడు. ఆవిడ ఆయన్ని నార్మన్ అంకుల్ అంది. నాకు మేనకోడలు ఎప్పుడు పుట్టిందబ్బా అని ఆయన మొదట కాస్త తికమకపడ్డాడు గాని, ఆదివారం ఆదివారం కోడికూర గిన్నె గోడ దాటి రావడం మొదలయ్యాక ఆ చుట్టరికం బాగానే ఉందనుకున్నాడు. ఆ కూరను ఆయన ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద పోసుకుని తినేవాడు. ఆ దృశ్యం చూడలేక ప్రేమలీల మొహం తిప్పుకునేది.

ఆయనింట్లో ఇంకో ప్రాణి ఉంది. పేరు మేబుల్. తాబేలు. ఈవ్లిన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిచ్చిన తాబేలు. "పెళ్లికి నేనొక సూట్‌కేసుతో వచ్చాను, ఈవ్లిన్ ఒక తాబేలుతో వచ్చింది" అనేవాడు నార్మన్. ఈవ్లిన్ పోయాక ఆయన పగలంతా మాట్లాడేది మేబుల్‌తోనే. వాతావరణం బాగోలేదని, బస్సులు సమయానికి రావడం లేదని, అన్నీ దానికే చెప్పేవాడు.

మేబుల్‌ని మొదటిసారి చూసిన రోజు ప్రేమలీల చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముడతలు పడిన ఆ మెడ, పళ్లు లేని నోరు, నమిలేటప్పుడు దవడ అటూ ఇటూ కదలడం.

"అచ్చం మా అమ్మేనండీ" అంది రాజ్ కుమార్‌తో.

"మీ అమ్మ బతికుంటే ఆ మాటకి నిన్ను చీపురు తిరగేసి కొట్టేది."

సువార్తమ్మ బతికి లేదు. ఆ మాట అన్నాక రాజ్ కుమారే నాలిక్కరుచుకున్నాడు. ప్రేమలీల ఆ రోజు నుంచి మేబుల్‌ని మేబులమ్మ అని పిలిచింది. వేసవంతా తోట గోడ మీది నుంచి ముదిరిన పాలకూర ఆకులు విసిరేది.

చలికాలం వస్తే మేబులమ్మ నిద్రపోతుంది. చలి దిగినప్పటి నుంచి వసంతం దాకా ఒకటే నిద్ర. ఆ నిద్రకు ముందు నార్మన్ చేసే హడావుడి అంతా ఇంతా కాదు. కొన్ని వారాల ముందే తిండి ఆపేసేవాడు. రోజూ గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టి తాగినన్ని తాగనిచ్చేవాడు. వంటింటి త్రాసు మీద తూచేవాడు. తర్వాత చీల్చిన న్యూస్‌పేపర్లు నింపిన పెట్టెలో పడుకోబెట్టి, ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో దించి, వెనక ఇటుకల షెడ్డులో పెట్టేవాడు. గడ్డకట్టే చలి తగలకూడదు, వెచ్చదనమూ తగలకూడదు. రోజూ వెళ్లి అక్కడ వేలాడే థర్మామీటర్ చూసొచ్చేవాడు.

2004లో ఆయన తుంటి ఆపరేషనుకు పిలుపొచ్చింది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్న పిలుపు, సరిగ్గా మేబులమ్మ పస్తు సగంలో ఉండగా వచ్చింది. నార్మన్ వాయిదా వేయమంటానన్నాడు. ప్రేమలీల మండిపడింది.

"ఈసారి కాదంటే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలుసా అంకుల్? మెట్లెక్కలేక పాకుతున్నారు. నేను లేనా?"

నార్మన్ ఆవిడ చేతుల వైపు చూశాడు. "లిల్లీ, నీ చేతికి పెట్టడమే తెలుసు. ఇది పెట్టకుండా ఉండాల్సిన పని."

ఆ మాటకు ఆవిడకు రోషమొచ్చింది. "నిల్ బై మౌత్ గురించి మీరు నాకు నేర్పుతారా? రోజూ నేను చేసే పనే అది."

ఆయన నవ్వి తాళంచెవి ఇచ్చాడు. వెళ్లే ముందు మేబుల్‌ని ఎత్తుకుని డిప్ప మీద ముద్దు పెట్టుకున్నాడు. "ఒక్క ముక్క కూడా వద్దు" అని మళ్లీ అన్నాడు. ఎందుకు వద్దో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మనుషులకు మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉంచినట్టే ఇదీ అనుకుంది. మత్తుమందు లేని నిద్రకు ఇంత పట్టింపు ఎందుకో అని కూడా మనసులో అనుకుంది. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మేబులమ్మను పెట్టెలో పెట్టాల్సిన రోజు రానే వచ్చింది. ఆ రోజు ప్రేమలీలకు సెలవు. వంటింట్లో టమాటా పప్పుకు టమాటాలు కోస్తోంది. స్నానం చేయించిన మేబులమ్మను పాత తువ్వాలు మీద నేల మీద వదిలింది. కోస్తుండగా ఒక ముక్క జారి కింద పడింది. ఎర్రటి ఆ ముక్కను చూసి మేబులమ్మ మెడ చాపింది. ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ దాని వైపు నడిచింది. దగ్గరికొచ్చేసరికి ప్రేమలీల ఆ ముక్కను తీసేసింది. మేబులమ్మ తలెత్తి ఆవిడనే చూస్తూ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

ప్రేమలీల చేతిలో కత్తి ఆగిపోయింది.

సువార్తమ్మకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషను చేసింది ఈ దేశం రాకముందు ప్రేమలీల పనిచేసిన ఆసుపత్రిలోనే. ఆ పొద్దున్న తల్లి మంచం పక్కన నిలబడ్డది కూతురిగా కాదు, యూనిఫారం వేసుకున్న నర్సుగా. "లీలా, పేగులు అరుస్తన్నయ్యే. ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టు. ఎవరికీ చెప్పన్లే" అంది తల్లి, పిల్లలా. "లేచాక పెడతానమ్మా. కలిపి తెచ్చాను, ఇదుగో" అని ప్రేమలీల టిఫిన్ బాక్సు చూపించింది కూడా. సువార్తమ్మ మత్తులోంచి లేవలేదు. గుండె ఆగిందన్నారు. నీ తప్పేముందని అందరూ అన్నారు. తన తప్పు లేదని ఆవిడకూ తెలుసు. చేయాల్సిందే చేసింది. కానీ అమ్మ ఆకలితో పోయింది. ఆ టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చింది. ఆ తర్వాత ఎన్ని నోళ్లకు పెట్టినా ఆ ఒక్క ముద్ద మిగిలే ఉంది.

ఇప్పుడు వంటింటి నేల మీద ఒక ముసలి నోరు తెరుచుకుని ఉంది. ఇంకాసేపట్లో ఈ ముసలిది కూడా నిద్రపోతుంది. ఖాళీ కడుపుతో.

ప్రేమలీల చేతిలోని ముక్కను కింద పెట్టేసింది. మేబులమ్మ దాన్ని నలిపి నలిపి మింగింది. ఇంకోటి పెట్టింది. తర్వాత పండిన అరటిపండు ఒలిచి సగం విరిచి చిన్న చిన్న ముక్కలు చేసింది. "తిను తల్లీ. నేనెవరికీ చెప్పన్లే" అంది. మేబులమ్మ గడ్డం మీద రసం కారుతుంటే కొంగుతో, కొంగు లేదు గనుక చున్నీ చెంగుతో తుడిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆవిడ గుండెల్లో ఏదో బరువు దిగినట్టయింది. ఆ హాయిని తల్చుకుంటే తర్వాత తర్వాత ఆవిడకు ఒళ్లు జలదరించేది.

ఆ సాయంత్రమే పెట్టెలో పడుకోబెట్టారు. కాగితాలు చీల్చింది రాజ్ కుమార్. తువ్వాలు మీద టమాటా గింజలు ఆయన కంట పడ్డాయి. భార్య మొహం చూశాడు. తువ్వాలు దులిపి మడత పెట్టాడు.

ఆపరేషను అయ్యాక నార్మన్ ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. తుంటి సంగతి చెప్పకుండా మొదట అడిగింది మేబుల్ గురించే.

"పడుకుందా?"

"పడుకుంది అంకుల్."

"ఒక్క ముక్క కూడా..."

"లేదు అంకుల్. ఒక్క ముక్క కూడా లేదు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆపరేషను అయిన మనిషిని కంగారు పెట్టడం ఎందుకు, ఒక టమాటా ముక్కకు ఇంత గొడవేమిటి అని తనకు తానే సర్ది చెప్పుకుంది. సర్ది చెప్పుకోవడంలో మనందరం గట్టివాళ్లమే.

ఆపరేషను చేసిన చోట చీము పట్టిందని నార్మన్‌ను ఆసుపత్రిలో ఇంకా ఉంచేశారు. క్రిస్మస్ నెల మొదట్లో ప్రేమలీల చూడ్డానికి వెళ్లింది. ఆయన మంచం మీద కూర్చుని పక్క మంచం ముసలాయనకు తాబేళ్ల గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. మేబుల్‌కు ఒకప్పుడు జోడీ ఉండేదట. పేరు హెర్బర్ట్. ఈవ్లిన్ తమ్ముడి దగ్గర ఉండేదట. పడుకునే ముందు ఎవరో ముద్దొచ్చి దానికి స్ట్రాబెర్రీలు పెట్టారట.

"చలిలో దాని కడుపు పనిచేయదు కదా. పెట్టింది అరగదు, అక్కడే కుళ్లుతుంది. గ్యాసు పడుతుంది. అది నిద్రలోనే లోపల్నుంచి చచ్చిపోతుంది. వసంతంలో పెట్టె తెరిచాం" అని నార్మన్ ఆగి తల అడ్డంగా ఊపాడు. "ఆ వాసన ఈవ్లిన్ పోయేదాకా మర్చిపోలేదు." తర్వాత ప్రేమలీల చెయ్యి తీసుకుని పక్కాయన వైపు తిరిగాడు. "మా లిల్లీ నర్సు. ఈ పిల్ల చేతిలో పెట్టాను గనకే నాకు ఇక్కడ నిద్ర పడుతోంది."

ప్రేమలీల చెయ్యి వెనక్కి తీసుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. తెరిచి, తెచ్చిన కేకు ముక్క ఆయన ప్లేటులో పెట్టింది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా షెడ్డుకు వెళ్లి పెట్టెకు చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు. బతికున్న తాబేలు నిద్రలో ఎలాంటి చప్పుడు చేస్తుందో ఆవిడకు తెలియదు. ఆ వారం ఎన్నిసార్లు వెళ్లిందో ఆవిడకే లెక్క లేదు. మూత కొంచెం తీసి వాసన చూసేది. కాగితం వాసన తప్ప ఏమీ రాలేదంటే ఒక నిమిషం ఊపిరి పీల్చుకునేది. వంట సరిగ్గా కుదరడం మానేసింది. పప్పులో ఉప్పు మర్చిపోయిందంటే రాజ్ కుమార్‌కు ప్రమాదం అర్థమైంది.

వాళ్ల తెలుగు కుటుంబాల ప్రార్థన కూడిక శనివారం విమల ఇంట్లో జరిగింది. విమల కూడా నర్సే. పాట అయిపోయాక పాస్టరు గారు అలవాటు ప్రకారం ప్రార్థన అంశాలు అడిగారు. ఒకాయన వీసా అన్నాడు, ఒకావిడ మోకాళ్ల నొప్పులంది. ప్రేమలీల వంతు వచ్చింది. నోరు మెదపకుండా ఉండాల్సింది. ఉండలేకపోయింది.

"ఒక పెద్దావిడ ఉన్నారయ్యగారూ. మేబులమ్మ గారు. నిద్రలో ఉన్నారు, మెలకువ లేదు. కడుపులో సమస్య. ఆవిడ కోసం..." అని ఏడ్చేసింది.

పాస్టరు గారు అందరినీ మోకరించమన్నారు. మంచి మనిషి, మంచి గొంతు. "తండ్రీ, నీ దాసురాలైన మేబులమ్మ గారి కడుపును నీ చేతితో ముట్టు తండ్రీ. ఆ తల్లిని నిద్రలోంచి లేపు తండ్రీ" అని ఎంత వేదనతో ప్రార్థించారంటే విమల కూడా కన్నీళ్లు పెట్టుకుంది. రాజ్ కుమార్ ఒక్కడే కళ్లు తెరిచి భార్య వీపు చూస్తూ ఉండిపోయాడు. కూడిక అయ్యాక ఒకరిద్దరు ఆడవాళ్లు మేబులమ్మ గారి కోసం ఉపవాసం ఉంటామన్నారు. విమల ప్రేమలీల భుజం మీద చెయ్యి వేసి, "ఆ ఆంటీ ఏ వార్డులో ఉన్నారు? రేపు నా డ్యూటీ అయ్యాక వచ్చి చూస్తా" అంది.

"వద్దు. చూడనివ్వరు" అంది ప్రేమలీల. అది ఇంకో అబద్ధం.

కారులో ఇంటికి బయలుదేరారు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు రాజ్ కుమార్ అన్నాడు. "టమాటా గింజలు ఆ రోజే చూశాను లీలా. నువ్వే చెప్తావనుకున్నా."

ఆవిడ చున్నీ చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇంతమంది చేత మోకాళ్లేయించావు. దేవుడికి తెలుసు, మేబులమ్మకి తెలుసు, నాకూ తెలుసు. తెలియందల్లా ఆ ముసలాయనొక్కడికే. ముందు చెప్పాల్సింది ఆయనకే గదటే."

"ఆయనకి ఇంకెవరూ లేరండీ. అదొక్కటే ఉంది."

"అందుకే చెప్పమంటున్నా."

సోమవారం పొద్దున్నే ప్రేమలీల జంతువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఇలాంటప్పుడు నిద్ర లేపక తప్పదని, లేపడమూ ప్రమాదమేనని, ఆలస్యం చేసిన కొద్దీ ఆశ తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. లేపిన తాబేలును మళ్లీ పడుకోనివ్వకూడదట. చలికాలమంతా వెచ్చటి దీపం కింద మెలకువగా ఉంచాలట. చివరికి అంది. "మీరు యజమాని కాదంటున్నారు. ఆయన ఒప్పుకోవాలి. ముందు ఆయనతో మాట్లాడండి."

ఇంక దారి లేదు. నార్మన్ వార్డుకు ఫోన్ చేసింది. ఆయన గొంతు హుషారుగా వచ్చింది. ఆ హుషారు విని ఆవిడకు ఫోన్ పెట్టేయాలనిపించింది.

"అంకుల్, మేబుల్‌కి నేను తిండి పెట్టాను. పడుకోబెట్టిన రోజు. మీకు అబద్ధం చెప్పాను."

అవతల వార్డులో ఎవరిదో ట్రాలీ వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"ఏం పెట్టావు?"

"టమాటా. అరటిపండు."

"అరటిపండు" అన్నాడు నార్మన్. ఆయన ఆ మాట అన్న తీరు ప్రేమలీల బతికినన్నాళ్లూ మర్చిపోదు. "ఎంత?"

"సగం."

"నేను నిన్ను అడిగాను లిల్లీ."

"అడిగారు అంకుల్."

"ఆ రోజు చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అని ఫోన్ పెట్టేశాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడ ఆ తిట్లు పట్టుకుని ఏడ్చుకునేది. ఆ మాత్రం ఆధారం కూడా ఇవ్వలేదు.

ప్రేమలీల పెట్టె తెరిచి, మేబులమ్మను ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. మేబులమ్మ చన్నీళ్లలో నానిన రాయిలా చల్లగా ఉంది. డాక్టరమ్మ మెల్లగా వేడి చేసింది. చాలాసేపటికి వెనక కాలు ఒకటి కదిలింది. ఎక్స్‌రేలో కడుపు నిండా గ్యాసు కనిపించింది. సూదులు వేసి, మందులిచ్చి, బతుకుతుందో లేదో చెప్పలేనని, తీసుకెళ్లి వెచ్చగా ఉంచి తినిపించమని చెప్పింది.

తినిపించడం! ప్రేమలీలకు ఆ మాట విని నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ముందుగదిలో టీవీ పక్కన దీపం పెట్టి, ఆ కింద మేబులమ్మను ఉంచింది. ఆకులు పెట్టింది. దోసకాయ తురిమి పెట్టింది. మేబులమ్మ నోరు తెరవలేదు. కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. వద్దన్నా ఊరంతటికీ పెట్టిన చెయ్యి ఆ మూసుకున్న నోటి ముందు ఆకు పట్టుకుని గంటలు గంటలు ఆగింది. ఆకు వాడిపోయేది. కొత్త ఆకు తెచ్చేది. డాక్టరమ్మ దగ్గర గొట్టంతో పట్టించిన గుజ్జే మేబులమ్మ ప్రాణం నిలిపింది.

కూడికలో ప్రేమలీల నిజం చెప్పేసింది. పాస్టరు గారు కాసేపు తెల్లబోయి, తర్వాత "అది కూడా దేవుడు చేసిన ప్రాణమేనమ్మా" అన్నారు. ఉపవాసం ఉన్న ఆడవాళ్లు మాత్రం కొన్నాళ్లు ఆవిడతో ముభావంగా ఉన్నారు. వాళ్లను ఏమీ అనలేం.

కొత్త సంవత్సరానికి నార్మన్ ఇంటికొచ్చాడు. మేబుల్‌ని తన ఇంటికి తీసుకుపోతాడేమో అనుకుంది ప్రేమలీల. ఆయన ఒంగలేడు, స్నానం చేయించలేడు. అందుకని ఆయనే రోజూ వీళ్లింటికి వచ్చేవాడు. చేతికర్ర గోడకు ఆనించి దీపం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. మేబుల్‌తో మాట్లాడేవాడు. ప్రేమలీలతో కాదు. ఆవిడ ప్లేటు తెచ్చి పక్కన పెడితే "ఆకలిగా లేదు" అనేవాడు. మర్యాదగానే అనేవాడు. ఆ ఇంట్లో ఇప్పుడు రెండు నోళ్లు మూసుకుని ఉన్నాయి. ప్రేమలీల ప్లేటు తీసుకెళ్లి వంటింట్లో తలుపు వెనక నిలబడి ఏడ్చేది. ఏడవడానికి తనకేం హక్కుందని మళ్లీ తనే కళ్లు తుడుచుకునేది.

చలికాలం తోక ముడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నార్మన్ దారి పక్కన మొలిచిన ఒక ఆకు తుంపుకొచ్చాడు. పసుపు పూలు పూసే కలుపుమొక్క ఆకు. దీపం కింద మేబుల్ మూతి దగ్గర పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. మేబుల్ మెడ చాపి, నోరు తెరిచి, ఆ ఆకు అంచు కొరికింది. వంటింటి గుమ్మంలోంచి ప్రేమలీల చూసింది. దగ్గరికి రాలేదు.

నార్మన్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "టీ ఉందా లిల్లీ?"

టీ ఇచ్చింది. బిస్కెట్టు పెట్టలేదు. పెట్టడానికి ధైర్యం చాలలేదు. కూర గిన్నె మళ్లీ గోడ దాటడానికి వేసవి రావాల్సి వచ్చింది. క్షమించాను అనే మాట ఆయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. ఆవిడా అడగలేదు.

మళ్లీ చలి మొదలైంది. కొత్త తుంటితో నార్మన్ చకచకా తిరుగుతున్నాడు. ఆ ఏడు మేబుల్ పస్తంతా ఆయనే చూసుకున్నాడు. ప్రేమలీల ఆ వైపు చూడనేలేదు. పెట్టెలో పెట్టే రోజున ఆయనే మేబుల్‌ని ఎత్తుకుని వీళ్ల వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"నువ్వు పడుకోబెట్టు" అన్నాడు.

"వద్దు అంకుల్. నా చేతి మీద నాకే నమ్మకం లేదు."

"నేనిక్కడే ఉంటాను."

మేబులమ్మ ఒళ్లో తలెత్తింది. ఆవిడ మొహంలోకి చూసి నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. పొయ్యి పక్కన బుట్టలో టమాటాలు ఉన్నాయి. ప్రేమలీల వాటి వైపు చూడలేదు. రెండు చేతులతో ఆ డిప్పను గట్టిగా పట్టుకుంది.

"లేచాక పెడతానమ్మా" అంది.

నార్మన్‌కు తెలుగు రాదు. ఏమన్నావని అడిగాడు. ఆవిడ చెప్పింది. అంతటితో ఆగక సువార్తమ్మ సంగతి, పెరుగన్నం సంగతి, మూత తీయని టిఫిన్ బాక్సు సంగతి కూడా చెప్పింది. మొగుడికి తప్ప ఆ సంగతి అప్పటిదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నార్మన్ వింటూ పెట్టె మూత రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడం అయ్యాక ఇద్దరూ కలిసి మేబుల్‌ని కాగితాల్లో పడుకోబెట్టారు.

ఆ చలికాలమంతా ప్రేమలీల ఒక్కసారి కూడా షెడ్డుకు వెళ్లలేదు. వెళ్తే మూత తీస్తానని భయం. వార్డులో ఎవరైనా పేషెంటు మత్తులోంచి లేవడం కాస్త ఆలస్యమైతే ఆ మంచం దగ్గరి నుంచి కదిలేది కాదు.

వసంతంలో ఒక పొద్దున్న ఆవిడ డ్యూటీకి బయలుదేరుతుంటే మధ్య గోడ మీద నార్మన్ తన పాత చేతికర్రతో కొట్టిన చప్పుడు వినిపించింది. యూనిఫారంలోనే పరిగెత్తింది. నార్మన్ వంటింటి నేల మీద, పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లలో, మేబులమ్మ కూర్చుని ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. నీళ్లు తాగి తల పైకెత్తింది.

నార్మన్ ఒక ఆకు ప్రేమలీల చేతిలో పెట్టాడు. "నువ్వు మాట ఇచ్చావు."

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంది. ఆకు మేబులమ్మ నోటి దగ్గరికి తీసుకెళ్లింది. "లేచావా అమ్మా" అంది. "లేచాక పెడతానన్నాగా. ఇదుగో. తిను."

మేబులమ్మ తింది. ప్రేమలీల ఆ వంటింటి నేల మీద, యూనిఫారం తడిసేలా కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు తాబేలు కోసం కాదని నార్మన్‌కు తెలుసు. ఆయన ఆసుపత్రికి ఫోన్ చేసి, లిల్లీ ఇవాళ కొంచెం ఆలస్యంగా వస్తుందని చెప్పాడు.